కడుపుల సల్ల కదలకుండ

బాలేష్ ఒక్కచోట కూర్చోలేడు. శామీర్‌పేటలో ఔటర్ రింగ్ రోడ్డు దిగేచోట ట్యాక్సీలు నిలిపే జాగాలో మిగతా డ్రైవర్లు సీటు వెనక్కి వాల్చి కునుకు తీస్తుంటే, అతను మాత్రం తన తెల్ల కారు చుట్టూ ప్రదక్షిణలు చేస్తుంటాడు. అద్దం తుడుస్తాడు. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడుస్తాడు. చాయ్ తెప్పించుకుని సగం తాగి, మిగతాది పారబోసి, ఇంకోటి తెప్పిస్తాడు.

"నువ్వు పుట్టినప్పుడు మంత్రసాని బొడ్డు కోసిందా, లేకుంటె నువ్వే తెంపుకొని ఉరికినవార?" అని అడుగుతాడు ఆ స్టాండులో అందరికన్నా పాతవాడైన భాస్కర్.

ఎప్పుడూ ఉండే తిరుగుడే అయినా, ఆ వారం అతను తిరిగిన తిరుగుడుకు కారణం వేరు. గుండ్లపోచంపల్లి బేరం చేజారేలా ఉంది.

గుండ్లపోచంపల్లిలో హైవేకి కొంచెం లోపలగా కట్టిన కొత్త కాలనీలో జానకీదేవి కుటుంబం ఉంటుంది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. కోడలు సాయిప్రియ తుర్కపల్లి దగ్గర టీకాలు తయారుచేసే కంపెనీలో, ల్యాబులో పనిచేస్తుంది. కొడుకు ఫణిభూషణ్ ఆఫీసు నగరానికి ఆ కొసన ఉంది. అతను పొద్దున్నే బండేసుకుని అటు పోతే, సాయిప్రియ ఇటు రావాలి. అందుకని రోజూ పొద్దున తీసుకెళ్లడం, సాయంత్రం దింపడం బాలేష్ పని. మిగతా బేరాలు వానలాంటివి, పడితే పడతాయి, లేకపోతే లేదు. ఇది మాత్రం వాడిక పాలు పోసినట్టు తప్పకుండా సాగే బేరం. ఇల్లు నడిచేది దీనిమీదే.

సాయిప్రియకు ఇప్పుడు ఆరో నెల. ఆ వారం మొదట్లో ఒక పొద్దున మేడ్చల్ దగ్గర ఔటర్ ఎక్కబోతుండగా, "అన్నా, ఒక్కసారి పక్కకి ఆపండి" అంది. ఆపేలోపే తలుపు తీసింది. తిన్న ఇడ్లీ అంతా రోడ్డుపాలైంది. బాలేష్ నీళ్ల సీసా అందించి అటు తిరిగి నిలబడ్డాడు. ఆ సాయంత్రం ఆమెను దింపేసరికి జానకీదేవి గేటు దగ్గరే ఉంది.

"చూడు బాలేషూ, ఉద్యోగం మానెయ్యమని డాక్టరు అనలేదు. కుదుపుల్లేకుండా వెళ్లి రమ్మంది. నీ బండిలో చూస్తే కుదుపు తప్ప ఇంకేం లేదు."

"రోడ్డే అట్లున్నదమ్మా..."

"రోడ్డు నేను మార్చలేను. బండి మార్చగలను. అదీ కుదరకపోతే దాన్ని ఇంట్లో కూర్చోబెట్టగలను."

"అత్తయ్యా, నన్ను ఇంట్లో కూర్చోబెడితే మీరే వారం తిరక్కుండా బయటికి తోస్తారు" అంది సాయిప్రియ, సంచీ భుజానికి సర్దుకుంటూ. నవ్వుతూనే అన్నా ఆ నవ్వు కళ్లదాకా రాలేదు. చేతిలో ఉన్న పని పూర్తయ్యేదాకా సెలవు పెట్టకూడదని ఆమె పట్టుదల. బాలేష్‌కు ఆ సంగతి తెలుసు. దారి పొడవునా ఆమె ఫోన్లో మాట్లాడేదంతా దాని గురించే.

"సోమవారం నేనూ ఎక్కుతాను" అంది జానకీదేవి. "దాని పక్కనే కూర్చుని చూస్తాను. బాగుంటే సరే. లేదా, మా తమ్ముడికి తెలిసిన డ్రైవరున్నాడు, పెద్ద కారు వాడిది. నువ్వేం అనుకోకు."

అనుకోకుండా ఎలా ఉంటాడు? ఇంటికి వచ్చే దారంతా అనుకుంటూనే వచ్చాడు.

నిజానికి తప్పు రోడ్డుది కాదని అతనికి తెలుసు. కారు కొన్న ఏడాది మనసు ఊరుకోక, కంపెనీ ఇచ్చిన ఇనుప రిమ్ములు పీకించి, తళతళలాడే పెద్ద అల్లాయ్ చక్రాలు వేయించాడు. వాటికి తగ్గట్టు వెడల్పాటి, పలచటి టైర్లు. ఔటర్ మీద విమానాశ్రయం బేరానికి పోతుంటే బండి రోడ్డును ఉడుంలా పట్టుకునేది. మలుపులో స్టీరింగు వేలితో తిప్పితే చాలు. ఆ సుఖం డ్రైవరుదే. వెనక కూర్చున్నవాళ్లకు మాత్రం దారిలో రాయి చిన్నదా పెద్దదా, గుండ్రటిదా మొనదేలినదా అన్నది కూడా తెలిసిపోయేది. ఇప్పుడా టైర్లు అరిగి నున్నగయ్యాయి. ఎలాగూ మార్చాలి. మళ్లీ అవే వేయించాలా, మెత్తటివి వేయించాలా? మెత్తటివి వేయిస్తే వానలో ఔటర్ మీద జారితేనో? కడుపుతో ఉన్న మనిషిని కూర్చోబెట్టుకుని? ఈ ప్రశ్న అతణ్ని తిననివ్వలేదు, పండనివ్వలేదు.

కుదుపు సంగతి బాలేష్‌కు కొత్త కాదు. శామీర్‌పేట చుట్టూ ద్రాక్ష తోటలున్న రోజుల్లో వాళ్ల నాయినకూ ఒక చిన్న తోట ఉండేది. మీసాలు రాకముందే బాలేష్ ట్రాలీ ఆటోలో ద్రాక్ష పెట్టెలు వేసుకుని నగరానికి పోయేవాడు. మార్కెట్లో పెట్టె మూత తీసి వంచగానే గుత్తినుంచి విడిపోయిన పండ్లు జలజలా రాలేవి. "దారంతా డాన్సు జేసుకుంట వచ్చినవా?" అని అడిగేవాడు సేటు. తోటలు పోయి ప్లాట్లయ్యాక, ఫారాలకు కోడిపిల్లలను చేరవేసే వ్యాను నడిపాడు. ఆ తర్వాత బడి బస్సు. ఏ పనిలోనూ ఎక్కువకాలం నిలవలేదు. కారు కొన్నాకే, అదీ సాయిప్రియ బేరం కుదిరాకే, వాళ్లమ్మ రాధమ్మ "ఇగ వీడు నిలబడ్డడు" అని నలుగురికీ చెప్పుకుంది.

శుక్రవారం రాత్రి అన్నం ముందు కూర్చుని కూడా అతను టైర్ల గురించే మాట్లాడాడు. భార్య సుశీల విని విని విసిగిపోయింది.

"ఏంది గా టైర్ల పంచాది? కంపెనీ రిమ్ములు ఇంట్లనే ఉన్నయి కద. అవ్వి ఏయించుకో."

ఉన్నాయి, నిజమే. మూడు పెరట్లో పడున్నాయి. నాలుగోదాన్ని రాధమ్మ నీళ్ల కుండ కింద పెట్టుకుంది. గుండ్రటి అడుగున్న కుండకు ఇంతకన్నా మంచి కుదురు దొరకదని ఆమె అభిప్రాయం.

"రిమ్ము దియ్యనియ్య" అంది రాధమ్మ. "కుండకైన కుదురు దొరికింది, నీకైతే గదీ లేదు."

"అమ్మా, ఆ మేడమ్‌ను మంచిగ తీస్కపోకుంటె బేరం పోతది. పరేషాన్ల ఉన్న నేను."

"గందుల పరేషాన్ ఏమున్నది బిడ్డా? ఆ పిల్ల కడుపుల సల్ల కదలకుండ తీస్కపోవాలె. గంతే."

కడుపులో చల్ల కదలకుండా అని అందరూ అనే మాటే. సుఖంగా, ఒళ్లు అలవకుండా బతికేవాళ్లను చూసి తరతరాలుగా అంటున్న మాట. కానీ బాలేష్ చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. కడుపుల సల్ల. కదలకుండ. తల్లి ముఖంలోకి చూశాడు.

"అమ్మా, రేపు నువ్వు నాతోని స్టాండుకు రావాలె. ఓ చెంబుల సల్ల తెచ్చుకో."

"ఎందుకురా?"

"వస్తె తెలుస్తది."

మర్నాడు సాయిప్రియకు సెలవు. పొద్దున స్టాండులో నవ్వులే నవ్వులు. భాస్కర్‌దీ బాలేష్ కారు లాంటి కారే, అవే వెడల్పు టైర్లు, కాకపోతే కొత్తవి. దీక్షిత్‌దీ అదే కారు. అతను ఈ మధ్యే కంపెనీ రిమ్ముల మీద ఎత్తుగా, మెత్తగా ఉండే టైర్లు వేయించాడు. బాలేష్ ఆలోచన ఇది: వాళ్లమ్మ అంచుదాకా సల్ల నింపిన చెంబు ఒళ్లో పెట్టుకుని ఇద్దరి కార్లలోనూ మేడ్చల్ వైపు లోపలి దారిన ఒక చుట్టు చుట్టి రావాలి. ఎవరి బండిలో సల్ల తక్కువ ఒలికితే ఆ టైర్లు.

"అవ్వను ఆసుపత్రికి తోల్తున్నవా, పరీక్షకు తోల్తున్నవా?" అన్నాడు భాస్కర్.

"జర మెల్లగ నడుపన్నా, రోజు నడిపినట్టె నడుపు."

"మెల్లగ నడపాల్నా, రోజు నడిపినట్టు నడపాల్నా? రెండిట్ల ఒకటి జెప్పు."

రాధమ్మ ముందు భాస్కర్ కారెక్కింది. ఆ కారు వెళ్లి వచ్చేవరకు బాలేష్ రోడ్డు వైపు చూస్తూ అటూ ఇటూ నడిచాడు. తిరిగొచ్చాక చెంబులోకి తొంగిచూస్తే సల్ల దాదాపు నిండుగానే ఉంది. రెండు చుక్కలు చీర మీద పడ్డాయి, అంతే. భాస్కర్ మీసం దువ్వాడు. మళ్లీ అంచుదాకా నింపి, ఈసారి దీక్షిత్ కారెక్కించారు. వాళ్లు వచ్చేసరికి ఎండ ఎక్కింది. రాధమ్మ నిమ్మళంగా దిగి చెంబు కొడుకు చేతికిచ్చింది. సగానికి సగం ఖాళీ.

"సగం సల్ల పాయె కదరా తమ్మీ!" అన్నాడు బాలేష్.

"నా టైర్లకేమైంది కాకా? మొన్ననే ఏయించిన. బండి పువ్వు లెక్క పోతాంది."

"పువ్వా? పువ్వయితె సల్ల ఎట్ల ఒలుకుతది?"

దీక్షిత్ ముఖం మాడ్చుకుని, బేరం వచ్చిందని వెళ్లిపోయాడు. సీటు తడిసిందా లేదా, కనీసం తల్లి చీర తడిసిందా అని చూసే ఓపిక బాలేష్‌కెక్కడిది? రాధమ్మ ఏదో చెప్పబోయింది. అతను అప్పటికే ఫోనులో టైర్ల దుకాణానికి మాట్లాడుతున్నాడు. ఆమె చెంబులో మిగిలిన సల్ల చూసుకుంది.

మేడ్చల్‌లో గౌరయ్య టైర్ల దుకాణం బస్టాండు దాటాక ఉంటుంది. రాధమ్మకు మేడ్చల్‌లో కూరగాయలు కొనే పనుందని వెంట వచ్చింది. బాలేష్ దిగుతూనే, "గౌరన్నా, మల్ల గవ్వే వెడల్పువి ఏసెయ్యి" అన్నాడు. భాస్కర్ కారులో జరిగిందీ, దీక్షిత్ కారులో జరిగిందీ గడగడా చెప్పేశాడు. గౌరయ్య వింటూ రిమ్ము దగ్గర వేలు ఆనించి, తల ఆడించాడు.

"ఇదేందో ఉల్టా ఉన్నదే" అన్నాడు. "పలచటి టైర్ల సల్ల ఒలకకుండ, ఎత్తు టైర్ల ఒలుకుడేంది?"

స్టూలు మీద కూర్చున్న రాధమ్మ అప్పుడు నోరు విప్పింది.

"దీక్షిత్ బండిల సల్ల ఒలకలేదు. నేను తాగిన."

బాలేష్ వెనక్కి తిరిగాడు. "తాగినవా? పరీక్ష సల్ల తాగుతరా ఎవరన్న?"

"దూప అయింది, తాగిన. సల్ల ఉన్నదే తాగనీకె గద."

"మరి భాస్కరన్న బండిల ఎందుకు తాగలే? అప్పుడు దూప కాలేదా?"

"అయ్యింది. తాగుదామని మూతికాడికి తెస్తే చెంబు పంటికి తాకె. ఉన్న రెండు పండ్లు ఊడుతయని చెంబు రెండు చేతుల లేపి వట్టుకున్న. పళ్లు గిట్టకరుచుకొని, దేవుని పల్లకి మోసినట్టు. నడుమంత వట్టుకపాయె. సల్ల ఎట్ల ఒలుకుతది మరి? నేను ఒలకనియ్యలె."

గౌరయ్య పగలబడి నవ్వాడు. పక్క దుకాణంలోంచి కూడా ఎవరో వచ్చి ఏమైందని అడిగి, విని, నవ్వి పోయారు. బాలేష్‌కు నవ్వు రాలేదు. సోమవారం జానకీదేవి కూర్చునేది ఆ టైర్ల మీదే అయ్యుండేది.

"మరి నాకు పొద్దున్నే జెప్పొద్దా?"

"జెప్దామంటె నువ్వు ఆగితివా?"

బాలేష్ అప్పటికే గౌరయ్య వైపు తిరిగాడు.

"అయితె దీక్షిత్‌వే ఏసెయ్యి" అన్నాడు బాలేష్, ఒక నిమిషం కూడా గడవకముందే.

"ఆగరా అయ్య" అన్నాడు గౌరయ్య. లోపలినుంచి ఒక టైరు దొర్లించుకుని వచ్చి దాని పక్కభాగం మీద చేత్తో చరిచాడు. "గిది టైరుకు గోడ అనుకో. గోడ ఎత్తుంటె గుంత దెబ్బ అది తింటది. పొట్టిగుంటె దెబ్బ నీ నడుముకొస్తది. నీ వెడల్పువాటికి గోడే లేదు. దీక్షిత్ ఏసినవి ఎత్తే గని, మరీ మెత్తయి. ఊర్లె తిరిగెటోనికి మంచిగుంటయి. వాడు ఔటర్ ఎక్కేది ఎన్నడు? నువ్వు రోజు ఎక్కుతవు, అందుల వానకాలం."

"మరి వానల పట్టుండాలె. మెత్తగ గూడ ఉండాలె."

"నీకు పెండ్లాం సక్కగుండాలె, అత్తగారింటోళ్లు దూరముండాలె." గౌరయ్య ఇంకో టైరు తెచ్చాడు. "గిది సూడు. గోడ దానంతే ఎత్తు. కని రబ్బరు నడుమ రకం. మీద నీళ్లు పోను లోతు కాలువలు. వానల బ్రేకు గొడితె ఆగుతది. మలుపుల మాత్రం నీ పాతవాటి లెక్క ఉండదు, జర ఒళ్లిరుసుకుంటది. నువ్వే వేగం తగ్గించుకోవాలె. ఉన్నదున్నట్టు జెప్తున్న."

"అల్లాయ్‌ల మీద ఎక్కదా?"

"ఎక్కదు. కంపెనీ రిమ్ములు తే."

బాలేష్ తన తళతళలాడే చక్రాల చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇంకోసారి తిరిగాడు. బయటికి పోయి రోడ్డు చూసి వచ్చాడు. గౌరయ్య అదంతా చూస్తూ ఉండి, "గాలెంత గొడుతున్నవ్?" అని అడిగాడు.

"మైలేజీకని... జర ఎక్కువనే."

"గందుకే బండి బంతి లెక్క ఎగుర్తాంది. డోరు తీస్తె పక్కన రాసుంటది సూడు, గంతే గొట్టు. గది తెల్వకుంటె బంగారు టైర్లేసినా ఆ బిడ్డ కక్కుడే."

సాయంత్రానికి కుండ కింది రిమ్ము బయటికొచ్చింది.  రాధమ్మ కుండను గోడకానించి చుట్టూ ఇటుక ముక్కలు పెట్టుకుంది. సుశీల మాత్రం, "మొత్తానికి నీ అల్లాయ్‌ల మోజు దిగిందయ్యా" అంది. బాలేష్ వినలేదు. చక్రాలు మార్చుకుని రావడానికి అప్పటికే పోయాడు.

మార్చాక స్థిమితం వచ్చిందా అంటే, ఉన్నది కూడా పోయింది. ఆదివారమంతా బండి తీసుకుని ఊరికే తిరిగాడు. కీసర వైపు పోయాడు, వచ్చాడు. ఔటర్ ఎక్కాడు, దిగాడు. స్టీరింగు తిప్పితే బండి ఒక క్షణం ఆలోచించి తిరిగినట్టు అనిపించింది. మలుపులో అడుగు తప్పిన తాగుబోతులా ఒరిగినట్టు అనిపించింది. తప్పు చేశానా? స్టాండులో భాస్కర్ చిన్న చక్రాలను చూసి, "ఏంరా, బండి చెప్పులిడిసి గుళ్లెకు పోయినట్టున్నది" అన్నాడు. దీక్షిత్ మాత్రం పాత కోపం మరిచి వచ్చి టైర్లు నొక్కి చూశాడు. "అవ్వ తాగిందట కద సల్ల? నా బండి ఇజ్జత్ నిలవెట్టింది" అన్నాడు.

సోమవారం తెల్లవారకముందే వాన మొదలైంది.

గుండ్లపోచంపల్లి చేరేసరికి జానకీదేవి గొడుగుతో సిద్ధంగా ఉంది. కోడలిని జాగ్రత్తగా ఎక్కించి, పక్కనే కూర్చుని, ముందు సీటు వీపును చేత్తో పట్టుకుంది, ఏదో జరగబోతోందన్నట్టు. బండి కదలగానే సాయిప్రియకు ఫోను వచ్చింది. రాత్రి ల్యాబులో ఎవరో ఫ్రిజ్ తలుపు సరిగ్గా వేయకుండా పోయారట. అందులోని నమూనాలు పాడయ్యాయో లేదో తెలీదు. సాయిప్రియ గొంతు పెరిగింది. "మూసేశాననుకున్నాను అంటే కుదరదు కదా! అలారం మోగలేదా? మరి మోగితే ఎవరు ఆపారు?"

బాలేష్‌కు అదేదీ చెవికెక్కలేదు. అతని ఒళ్లంతా చెవులే అయినా అవి టైర్ల దగ్గరున్నాయి. ఇదిగో మేడ్చల్ దగ్గర రోడ్డు అతుకు. దడ్ అనాల్సిన చోట దబ్ అంది. ఇదిగో నీళ్లు నిండిన గుంత. తప్పించబోయి, పక్కన బండి ఉండటంతో తప్పించలేక దిగాడు. బండి ఒకసారి ముక్కు వంచి లేచింది. అద్దంలో చూశాడు. జానకీదేవి ముఖంలో ఏమీ తెలియలేదు. ఔటర్ మీద అలవాటైన వేగానికి కాలు దిగబోతుంటే పైకి లాగి పెట్టుకున్నాడు. పక్కనుంచి బండ్లు నీళ్లు చిమ్ముకుంటూ దాటిపోతున్నాయి. పోనిచ్చాడు.

శామీర్‌పేట దిగే వాలులో ముందున్న సరుకుల వ్యాను ఉన్నట్టుండి ఆగింది. దాని ముందు ఏముందో కనబడలేదు. ఎర్ర దీపాలు మాత్రం వాననీళ్లలో ఒక్కసారిగా పరుచుకున్నాయి. బాలేష్ బ్రేకు మీద నిలబడ్డాడు. బండి ముందుకు వంగింది. టైర్ల కింద నీళ్లు చీలుతున్న చప్పుడు వినిపించింది. పక్కకు పోతుందేమోనని స్టీరింగు బిగించి పట్టుకున్నాడు. పోలేదు. గీత గీసినట్టు తిన్నగా వచ్చి, వ్యాను వెనక ఆగింది.

"ఒక్క నిమిషం" అంది సాయిప్రియ ఫోనులో. అరచెయ్యి పొట్ట మీద పెట్టుకుంది.

వైపర్లు అటూ ఇటూ ఆడాయి. జానకీదేవి కోడలి వైపు తిరిగింది. బాలేష్ అద్దంలోకి చూడలేక వ్యాను వెనక రాసిన అక్షరాలు చదివాడు. చదివినవే మళ్లీ చదివాడు.

"ఆ, చెప్పు" అంది సాయిప్రియ. "లేదు లేదు, బ్రేకు వేశారంతే. నువ్వు మాట మార్చకు. తాళం ఎవరి దగ్గరుందో అది చెప్పు ముందు."

వ్యాను కదిలింది. తుర్కపల్లి దాకా ఆ తగువు సాగుతూనే ఉంది. కంపెనీ గేటు దగ్గర సాయిప్రియ ఫోను చెవికే పెట్టుకుని దిగి, గొడుగు విప్పి, వెనక్కి చూడకుండానే చెయ్యి ఊపి లోపలికి పోయింది. బాలేష్‌కు ఆ చెయ్యి ఊపడంలో ఏమైనా అర్థం ఉందా అనిపించింది. వెతికాడు. దొరకలేదు.

తిరుగు దారిలో జానకీదేవి తడిసిన గొడుగును కాళ్ల దగ్గర సర్దుకుని కూర్చుంది. అడగాలి. అడగకూడదు. అడిగితే లేనిది గుర్తుచేసినట్టవుతుంది. అడక్కపోతే ఉండలేడు. మేడ్చల్ బోర్డు కనిపించేసరికి ఇక ఆగలేకపోయాడు.

"అమ్మా... ఎట్లున్నది? ఏమన్న కష్టమనిపించిందా?"

"రేపటినుంచి నేను రాను బాలేషూ" అంది ఆమె. "పొద్దున్నే ఇంత దూరం నావల్ల కాదు. దాన్ని నువ్వే జాగ్రత్తగా తీసుకెళ్లి తీసుకురా."

బాలేష్‌కు ఆ మాటలు ఒకటొకటిగా లోపలికి దిగాయి. అయినా ఊరుకోలేకపోయాడు. "టైర్లు మార్చిననమ్మా. కుదుపు తెలిసిందా?"

"ఏమో నాయనా, నేను రోడ్డే చూడలేదు. అది ఫోనులో ఎవర్ని అంతలేసి మాటలంటోందా అని వింటూ కూర్చున్నాను. సరిగ్గా పేరు చెప్పేవేళకి నువ్వు బ్రేకు వేశావు." జానకీదేవి ముందుకు వంగింది. "ఇంతకీ ఆ ఫ్రిజ్ తలుపు తీసి పెట్టిందెవరట? నీకేమైనా వినబడిందా?"

"లేదమ్మా, నేను ఇనలే" అన్నాడు బాలేష్. "సాయంత్రం మేడమ్‌ను అడుగుత."